రెండో పేరు

“ఆ రెండో పేరు కోల్టన్‌ది రాసెయ్ పెద్దాయనా. పక్ బిళ్ళ వాడి కర్రకి తగిలే వెళ్ళింది,” అన్నాడు కోచ్ లైల్, స్కోరు కాగితం పక్కన డోనట్ పెడుతూ.

ఒరెస్ట్ ఆ డోనట్‌ని చచ్చిన ఎలుకని తోసినట్టు వేలితో పక్కకి తోశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఐస్ హాకీ రింకులో స్కోరు రాసేది అతనే. గోలు కొట్టినవాడి పేరు పక్కన, అంతకుముందు పక్ అందించినవాళ్ళవి ఇద్దరి దాకా పేర్లు రాయాలి. పేరు పడ్డ ప్రతివాడికీ ఒక పాయింటు. ఆఖరి గోలుకి అందించినవాడు ఒక్కడే. కోల్టన్ అప్పుడు గోడ దగ్గర ఊరికే నిలబడి ఉన్నాడు.

ఆ ఒక్క పేరూ పడితే కోల్టన్‌కి లీగ్ రికార్డు. వెనక ఉండి గోలు కాయాల్సిన డిఫెన్స్‌వాడు ముందుకి దూసుకెళ్ళి, ఒక్క సీజన్‌లో తొంభై రెండు పాయింట్లు తెచ్చిన దాఖలా ఆ లీగ్‌లో లేదు. ఇవాళే ఆఖరి ఆట. పావుగంటలో కాగితం లీగ్ ఆఫీసుకి పోవాలి.

కోచ్ తర్వాత మేనేజరు వచ్చి ఊరి పరువన్నాడు. ఆ వెనకే రేడియోలో ఆట చెప్పేవాడొచ్చి, అన్ని ఊళ్ళలోనూ ఇలాగే రాస్తారనీ, సొంతవాడికి ఆమాత్రం చెయ్యకపోతే ఎలాగనీ సాగదీశాడు. ఛీ, మంచు మీద ఆడాల్సిన ఆట కాగితం మీద ఆడే బతుకులు అనుకున్నాడు ఒరెస్ట్. ఇన్నేళ్ళలో తన చేత్తో ఒక్క అబద్ధం రాయలేదు. తనకంటూ మిగిలింది అదొక్కటే.

చివరికి కోల్టనే వచ్చాడు, చెమట కూడా ఆరకుండా. వీడూ మొదలుపెడతాడని ఒరెస్ట్ మొహం చిట్లించాడు.

“నేను పక్ ముట్టుకోలేదండీ,” అన్నాడు కోల్టన్ తల దించుకుని. “ఎవరెన్ని చెప్పినా నా పేరు రాయకండి. అలాంటి రికార్డు నాకొద్దు.”

ఇంత రోతలో ఇలాంటివాడొకడు ఉన్నాడా అనుకున్నాడు ఒరెస్ట్. రికార్డు వీడికి కాక ఇంకెవడికి దక్కాలి అనిపించింది. కుర్రాడు గడప దాటగానే పెన్ను తీశాడు. రెండో పేరు కోల్టన్‌ది రాసేసి, కాగితాన్ని ఫొటో తీసి లీగ్ ఆఫీసుకి పంపేశాడు.

కబురు తనే చెబుదామని కాసేపటికి తలుపు తీశాడు. నడవా మలుపులో కోల్టన్ పక్కన నిలబడి, కోచ్ ఫోన్‌లో లీగ్ లెక్క చూసుకుంటూ పకపకా నవ్వుతున్నాడు.

“పడిందిరా నీ పేరు. మా అందరివల్లా కాలేదు, ఆ మొండి ముసలాణ్ణి ఏం చెప్పి ఒప్పించావురా?”

కోల్టన్ కన్నుగీటి, “వద్దన్నాను,” అన్నాడు.