వదిన అరువులు

అరువు తీసుకున్న తాడు చుట్ట భుజాన వేసుకుని ఓక్‌బున్ వదిన వాకిలి దాటుతుంటే మాన్‌సిక్ వెనకే నాలుగడుగులు వేశాడు.

"వెల్లుల్లి కట్టలు వేలాడదీయాలి," అంది ఆమె, అతను అడక్కముందే.

వెల్లుల్లి ఆరబెట్టే కాలమే. ఊళ్లో ప్రతి చూరుకూ కట్టలు వేలాడుతున్నాయి. కానీ ఓక్‌బున్ ఈ ఏడు వెల్లుల్లి వేయలేదు, పొలం కౌలుకిచ్చేసింది. ఆ సంగతి మాన్‌సిక్‌కి తెలుసు. అతనికి తెలుసని ఆమెకూ తెలుసు. అయినా తాడిచ్చాడు. ఆ ఊళ్లో అరువడిగితే కాదనరు. ఎందుకని అడగరు. ఇచ్చినదాన్ని తిరిగి అడగడమంటే మొహాన ఉమ్మినట్టే.

అంతకుముందు కొడవళ్లు పట్టుకెళ్లింది. దానికి ముందు నిద్రమాత్రలు, పట్నం డాక్టరు అతనికి రాసినవి. తనకూ నిద్ర పట్టడం లేదంటూ సీసాతో సహా తీసుకుపోయింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం కూర గిన్నెతో పాటు ఒక్క మాత్ర తెచ్చి, "ఇది నీ వంతు," అని ఎదురుగా నిలబడి మింగించి వెళ్లేది. మిగతావన్నీ ఆమె దగ్గరే ఉన్నాయన్న తలపుతో అతనికి ఆ వచ్చే నిద్రా వచ్చేది కాదు.

అన్నిటికంటే ముందు అడిగింది కలుపుమందు డబ్బా.

"నీ పేరు రాసుంటుంది చూడు, ఎర్ర రంగుతో. అది."

సామాను మీద పేరు రాసుకోవడం మాన్‌సిక్ అలవాటు. అలాంటి డబ్బానే ఏప్రిల్లో ఆమె భర్త చోల్‌గు పట్టుకెళ్లాడు. మాన్‌సిక్ అన్నా అని పిలుస్తూ పెరిగిన మనిషి. చూరు నీళ్లు మెడ మీద పడుతున్నా పక్కకు జరక్కుండా నిలబడి అడిగాడు. వానలో కలుపుమందు ఎవరు కొడతారు? ఆ మాట మాన్‌సిక్ నాలుక దాకా వచ్చింది. అడిగితే బాగుండదని మింగేశాడు. మర్నాటికి చోల్‌గు లేడు.

డబ్బా ఎవరిదని ఊళ్లో ఎవరూ అనలేదు. ఓక్‌బునూ అనలేదు. ఆమె అనకపోవడమే అతన్ని చెదలా తింటోంది.

అప్పట్నుంచి ఏ పనీ సాగలేదు. వెల్లుల్లి సగం చేలోనే ఉండిపోయింది. ఊరి సావిట్లో చీట్లాటకు వెళ్లడం మానేశాడు. మంచి పార ఊరిపెద్దకిచ్చేశాడు. కుక్క బోరిని తీసుకెళ్లి ఓక్‌బున్ గుంజకు కట్టాడు.

"బిడ్డలా పెంచావు. నాకెందుకిస్తున్నావ్?" అని ఆమె చాలాసేపు అతని మొహంలోకి చూసింది.

"నా దగ్గర దానికి వేళకి తిండి దొరకదు వదినా."

ఆ మర్నాడే ఆమె డబ్బా కోసం వచ్చింది.

ఆ వారమే ఇంకో సంగతి కూడా అడిగింది. మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడటానికి ఆరోగ్య కేంద్రానికి గురువారాలు ఒకమ్మాయి వస్తుందని ఊరిపెద్ద మైకులో చెబుతూనే ఉన్నాడు. ఒంటరిగా వెళ్లడానికి సిగ్గుగా ఉంది, తోడు రమ్మంది ఓక్‌బున్. అతను ఒప్పుకున్నాడు. ఆమెకు తను చేయగలిగింది అదొక్కటే అనుకున్నాడు.

ఆ అమ్మాయి పేరు సోరా. ఓక్‌బున్ లోపల కాసేపే ఉండేది. తోడొచ్చినవాళ్లతోనూ మాట్లాడటం పద్ధతట. నిద్ర పడుతోందా, ఏం తిన్నారు, పొద్దున్నే లేవాలనిపిస్తోందా అని సోరా అతన్నీ అడిగేది. అతను బానే ఉందనేవాడు. బయటికొస్తే ఓక్‌బున్ బల్ల మీద కూర్చుని బార్లీ నీళ్లు తాగుతూ, "ఏం మరిదీ, లోపల కాపురం పెట్టేశావా?" అని ఎగతాళి చేసేది.

తాడు వెళ్లిన మర్నాడు గురువారం. బస్సులో ఆమె ఉడికిన బంగాళాదుంప ఒలిచి అతని చేతిలో పెట్టింది.

"తిను. నీ బుగ్గలు చూస్తే ఎండుచేపకే జాలేస్తుంది."

అతను ఆమె చేతుల వంక చూశాడు. వణకడం లేదు. డబ్బా అందుకున్న రోజు చోల్‌గు చేతులూ వణకలేదు.

ఈసారి మాట మింగకూడదనుకున్నాడు.

సోరా తలుపు మూయగానే చెప్పేశాడు. వాన సంగతి, డబ్బా సంగతి, అడగకుండా మింగిన మాట. తర్వాత ఓక్‌బున్ పట్టుకెళ్లినవి ఒక్కొక్కటీ.

"అన్నీ నేనే ఇచ్చానమ్మా. అన్నకీ నేనే, వదినకీ నేనే. ఆవిడ రేపు ఉంటుందని నాకు నమ్మకం లేదు. అవన్నీ ఎందుకు పోగేస్తోందో నువ్వడుగు. నాకు నోరు రావడం లేదు."

సోరా కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది. అద్దం తలుపు అవతల ఓక్‌బున్ లేచి నిలబడి ఇటే చూస్తోంది.

"ఏప్రిల్లోనే ఆవిడ ఆ డబ్బా మీద మీ పేరు చూశారు తాతగారూ."

మాన్‌సిక్ తల వాలిపోయింది. ఇన్నాళ్లూ దీనికే భయపడ్డాడు.

"మీ అంతట మీరు నోరు విప్పిన రోజే మీకు చెప్పమన్నారు," అంది సోరా నెమ్మదిగా. "చోల్‌గుగారు పోయే ముందు చేపలు పట్టే తన గాలాలన్నీ పంచిపెట్టేశారట. మీరు బోరిని కట్టేసి వెళ్లిన సాయంత్రమే ఆవిడ నాకు ఫోన్ చేశారు."

అతనికి ఇంకా అర్థం కాలేదు.

"ఆవిడ పట్టుకెళ్లినవేవీ మీ ఇంట్లో ఉండకుండా చూడమన్నది నేనే."