జప్తు కాని జీతం

"ఇక్కడ సంతకం పెట్టేయ్, లోపలికి పోయే పనే ఉండదు," అన్నాడు అప్పిచ్చిన కంపెనీ ఏజెంటు, కోర్టు వరండాలో బస్సు డ్రైవరు చేతికి పెన్ను అందిస్తూ. "నెలనెలా సగం జీతం మాకు వచ్చేస్తుంది. లేదంటే జడ్జిగారు నీ అప్పు సంగతంతా అందరి ముందూ అడుగుతారు. పరువు పోతుంది."

డ్రైవరుకి పొద్దుట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. పరువన్న మాట వినగానే పెన్ను అందుకున్నాడు.

వెంట వచ్చిన అక్క అతని మోచెయ్యి పట్టుకుంది. "జడ్జిగారు ఇంకేం అడుగుతారు?" అంది ఏజెంటుతో.

"ఇంటి ఖర్చెంత, తినేవాళ్ళెంతమంది, ఇలాంటివే."

"మరి అవి చెప్పుకోనివ్వకుండా మావాణ్ణి ఇక్కడే ఆపుతారేంటండీ?"

ఏజెంటు గడియారం చూసుకున్నాడు. డ్రైవరు పెన్ను తిరిగిచ్చేశాడు.

లోపల అతను జడ్జిగారికి దణ్ణం పెట్టాడు. "ఎగ్గొట్టనండీ, తీరుస్తాను," అన్నాడు.

"తీర్చాల్సిందే. కానీ ఇల్లు గడవడానికి కావలసింది మీకు వదిలాకే మిగతాది వాళ్ళకి. అది మీ హక్కు," అన్నారు జడ్జిగారు. "మీ జీతంతో ఇంట్లో ఎంతమంది తింటున్నారు?"

అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు. "నలుగురండీ."

రాసుకుంటున్న జడ్జిగారు తలెత్తారు. "మీరు తినరా?"

అప్పు మొదలైనప్పటినుంచీ అతను మధ్యాహ్నాలు డిపోలో మంచినీళ్ళతోనే సరిపెట్టుకుంటున్నాడు. తనూ లెక్కలోకి వస్తానన్న సంగతే మరిచిపోయాడు.

"ఐదుగురమండీ," అన్నాడు, వెనక బెంచీలో ఉన్న అక్కకి కూడా వినిపించేలా.