సాయంత్రం ఉపన్యాసం

“ఇదేమో మా చెయ్యి. ఇది మా బొజ్జ...” చాపుకున్న కాళ్ళ మీద పాపను పడుకోబెట్టుకుని, మాడుకి ఆముదం అద్దుతూ కబుర్లు చెబుతోంది బుజ్జమ్మ. ఆ వీధిలో పసిబిడ్డలందరికీ నీళ్ళు పోసేది ఆమే.

వసారాలో రాసుకుంటున్న సైన్సు మేష్టారు జోగేశ్వరరావుకి చిరాకేసింది. సాయంత్రం మహిళా మండలిలో పసిపిల్లల మెదడు మీద ఆయన ఉపన్యాసం.

“ఆ వాగుడు కాస్త ఆపు బుజ్జమ్మా. అయిదు నెలల పిల్లకి ఏం అర్థమవుతుందని?” అని గట్టిగా అరిచాడు.

పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది.

బుజ్జమ్మ భుజానికెత్తుకుంది. “ఏం లేదమ్మా, నాన్నగారే.” తర్వాత ఆయనకేసి తిరిగి మామూలుగానే అంది. “ఏమీ అనుకోకండి బాబుగారూ. పాపకి కొత్త గొంతు కదండీ, బెదిరింది.”

కాదనబోయాడు. ఇన్నాళ్ళలో పాపతో తనేం మాట్లాడాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఒక్క మాటా దొరకలేదు.

ఎదురుగా కాగితం మీద తన చేతిరాత, సిరా ఇంకా ఆరలేదు: ‘పుట్టిన రోజు నుంచీ బిడ్డతో మాట్లాడండి. వినే ప్రతి మాటా మెదడుకి మేతే.’

కలం పక్కన పెట్టి, సిగ్గుతో తల దించుకునే వెళ్ళి పాప చిటికెనవేలు పట్టుకున్నాడు.

“ఇది... వేలు,” అన్నాడు.

పాప ఏడుపాపి బుజ్జమ్మ మొహంలోకి చూసింది, ఎవరీయన అన్నట్టు.