పురికొసకు ఇవతల

“మేస్త్రీ, ఆ ఇటుక ముక్క అవతల పడింది,” అన్నారు లెక్కల మాస్టారు.

మేస్త్రి చేతులు దులుపుకుంటూ చూశాడు. మాస్టారి కొత్త ఇంటికీ పక్కనున్న ఖాళీ స్థలానికీ మధ్య కట్టిన పురికొస దాటి, అగ్గిపెట్టెంత ముక్క ఒకటి పడి ఉంది. మాస్టారు చెప్పి ఊరుకోలేదు. తానే వంగి, పురికొస కిందుగా చెయ్యి చాచి దాన్ని ఇవతలకి లాగేశారు.

“ఈ ఇంటికంటే ముందు నా చెవిలో ఇల్లు కట్టేశారు కదండీ మీరు,” అన్నాడు మేస్త్రి.

ఇల్లు చివరికొచ్చింది. తలుపులకు పాలిష్ అయిపోయింది, కుళాయిలు బిగించారు. గోడలకు రెండో పూత, గచ్చు మీద పడ్డ రంగు చుక్కలు గీకడం, వంటింటి గూళ్ళకు తలుపులు మాత్రం మిగిలాయి. వచ్చే నెల మొదట్లో అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని అక్కడ చెప్పేశారు కూడా. మాస్టారి భార్య రోజూ సాయంత్రం వచ్చి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో గాల్లోనే సర్దేసుకునేది. ఆ సంతోషం ఆవిడ ఎవరి దగ్గరా దాచుకోలేదు.

ఆవిడ చిరాకల్లా ఇసుక మీదే. మిగిలిన ఇసుక గుమ్మం ముందు కుప్పగా ఉంది. లోపలికి వెళ్ళాలంటే దాన్ని ఎక్కి దిగాలి. పక్కనే అంత ఖాళీ ఉండగా మనకీ అవస్థ ఏమిటని అడిగింది. పరాయివాళ్ళ స్థలమన్నాక పది రోజులకైనా తప్పే అన్నారు మాస్టారు.

పునాది నాటి నుంచీ ఆయన వరస ఇదే. వీధిలో హద్దురాళ్ళు ఎప్పుడో మాయమైపోతే, ఎవరినీ నమ్మకుండా తానే వీధి మొదటి నుంచి స్థలాలు లెక్కపెట్టుకొచ్చి, టేపు పెట్టి మరీ పురికొస కట్టించారు. రంగు డబ్బాలు కడిగిన నీళ్ళు అటు పోకుండా చిన్న గట్టు వేయించారు. సెలవు రోజున ఆ స్థలంలో కలుపు కూడా పీకారు. ఆ సేవలో సగం తనకు చేస్తే బాగుండునని భార్య నవ్వేది.

దానికో కారణం ఉంది. ఆయన చిన్నప్పుడు, జానెడు గోడ గురించి వాళ్ళ నాన్నకూ పక్కింటాయనకూ మాటామాటా పెరిగింది. ఇరవై ఏళ్ళు రెండిళ్ళకీ మాటల్లేవు. ఆ పక్కింట్లోనే మాస్టారి ప్రాణస్నేహితుడు ఉండేవాడు. గోడకు అటొకరు ఇటొకరుగా పెరిగి పెద్దయ్యారు. ఆ బాధ ఆయనకింకా పోలేదు. పక్కవాళ్ళతో ఒక్క మాట పడకుండా, కలిసిమెలిసి ఉండాలి. కొత్త ఇంట్లో ఆయన కోరుకున్నది అదొక్కటే.

ఆ ఆదివారం పక్క స్థలం మనిషి రానే వచ్చింది. రిటైరైన పెద్దావిడ, వెంట కాగితాల సంచితో ఓ సర్వేయరు. మాస్టారు గబగబా ఎదురెళ్ళారు. ఆవిడ ఖాళీ స్థలాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి తేరిపార చూసింది.

“పక్కన ఇల్లు లేస్తోందంటే నా స్థలం చెత్తకుప్ప అయ్యుంటుందనుకున్నాను తమ్ముడూ. ఊడ్చిపెట్టినట్టుంది.”

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఇల్లంతా తిప్పి చూపించారు. భార్య ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. పెద్దావిడ వంటింటి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. ఎలాగూ రెండు స్థలాలూ ఒకే కొలత, ఒకే ముఖం కాబట్టి, తానూ అచ్చం ఇలాంటి ఇల్లే కట్టించుకుంటానంది. మేస్త్రి అక్కడికక్కడే పని ఒప్పేసుకున్నాడు. మాస్టారి భార్య మరో అడుగు ముందుకేసి, వదినగారు వచ్చిపోవడానికి మధ్య గోడలో చిన్న గేటు కూడా పెట్టేసింది, మాటల్లోనే.

కొలతలు మొదలయ్యాయి. టేపు రెండో కొస మాస్టారే పట్టుకున్నారు.

“ఒక్క అంగుళం అటు జరిగినా చెప్పండి అక్కయ్యగారూ, గోడ కొట్టించేస్తాను.”

సర్వేయరు వీధి మొదటి నుంచి కొలుచుకుంటూ వచ్చి కాగితం చూశాడు. మళ్ళీ వెళ్ళి మొదటి నుంచి కొలిచాడు. మూడోసారికి మాస్టారు టేపు కొస వదిలేసి దగ్గరికొచ్చారు. ఎన్ని అంగుళాలు జరిగిందని అడిగారు. హద్దు అంగుళం కూడా జరగలేదని, ఇంత కచ్చితంగా కట్టిన పురికొస తన సర్వీసులో చూడలేదని సర్వేయరు చెప్పాడు. మాస్టారు హమ్మయ్య అనుకున్నారు.

సర్వేయరు కాగితాన్ని పెద్దావిడ చేతికిచ్చాడు. ఆవిడ అది చూసి, ఇల్లు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది.

“మాస్టారూ, ఇన్నాళ్ళూ మీరు కాపలా కాసింది మీ స్థలానికే,” అన్నాడు సర్వేయరు.