కొట్టు కట్టేయ్

"అమ్మ ఏం చెప్పింది, నువ్వేం వెలగబెట్టావురా? చెవుల్లో సీసం పోసుకున్నావా?" పెద్దవాడు మళ్లీ మొదలుపెట్టాడు.

చిన్నవాడి పిడికిళ్ల మీద రక్తం ఎండిపోయింది. ఆ రక్తం అతనిది కాదు.

రక్తం తాలూకు మనిషి సోఫాలో మూలుగుతున్నాడు. ఈ ఇంటి అల్లుడు. పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయింది. మణికట్ల మీద తాడు ఒరుసుకుని తోలు లేచింది.

పుట్టింటికొచ్చిన భార్యను తీసుకెళ్లడానికి వచ్చాడతను. ముందు ఇనపసామాన్ల కొట్టులో దిగాడు. కొట్టు చూసుకునే చిన్నవాడు ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, బావ వచ్చాడు. ఏం చెయ్యమంటావ్?"

"కొట్టు కట్టేయ్" అంది తల్లి.

చిన్నవాడికి అవి రెండు పనుల్లా వినబడ్డాయి. మొదటి గుద్దుకే బావ మేకుల డబ్బాల మీద పడ్డాడు. లేవబోతే డొక్కలో తన్నాడు. అమ్మకానికున్న తాడే కోసి, స్తంభానికి కట్టేశాడు.

"కొట్టు మూసి బావగార్ని మర్యాదగా తీసుకురమ్మనిరా, గాడిదా!" బడిలో ఇంగ్లీషు చెప్పే పెద్దవాడు తల కొట్టుకున్నాడు. "ఇంగ్లీషులో అయితే ఈ పీడే లేదు. శుభ్రంగా 'షట్ అప్ షాప్' అంటారు."

"అందులోనూ షట్ అప్ ఉందిగా! నోరు మూయించమన్నారనుకునేవాడు మా మరిది" అంది అతని భార్య.

"నువ్వూరుకో!"

అల్లుడు నెత్తురు ఉమ్మి, లేచి కూర్చున్నాడు. "పోలీసుల దాకా పోవద్దంటే వీడు నా కాళ్లు పట్టుకోవాలి. అది ఇప్పుడే బయల్దేరాలి."

'అది' తలుపు వారగా నిలబడి ఉంది, చేతికి సిమెంటు కట్టుతో. బాత్రూంలో జారిపడిందని అప్పట్లో అతనే చెప్పాడు.

పెద్దవాడు తమ్ముడి మెడ పట్టి వంచాడు. "పట్టుకో. తప్పుగా విన్నాను బావా, అను."

చిన్నవాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నిజమే కాబోలు. ఒకటి చెబితే ఇంకోటి చేస్తాడని అతనికి చిన్నప్పట్నుంచీ పేరుంది. ఈసారి ఆ పాడు చెవుల మూలాన అక్క మళ్లీ ఆ ఇంటికి పోవాలి.

వంటింట్లోంచి తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అందరి మొహాలూ చూసింది. గొంతు పెంచలేదు.

"అమ్మాయి వెళ్లదు. నువ్వు లేరా చిన్నోడా, నేనన్నది నువ్వు సరిగ్గానే విన్నావు."