హస్తవాసి

ఉద్యోగం చాలా తేలిక. సబ్బు బిళ్ల రేపర్లోకి వెళ్లే ముందు దాన్ని ఒక్కసారి ముట్టుకోవాలి. అంతే.

తనకు సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుంది పెద్దమ్మ. ముట్టుకుని ఏం చూడాలని అడిగింది. గట్టిగా ఉందా, మెత్తబడిందా, పగుళ్లేమైనా ఉన్నాయా? ఏమీ చూడక్కర్లేదన్నాడు ఫ్యాక్టరీ యజమాని. వేలు తగిలితే చాలు. తగలకుండా మాత్రం ఒక్క బిళ్ల కూడా గేటు దాటకూడదు.

యాభై ఆరేళ్ల మనిషి, అందరికీ పెద్దమ్మే. చదువు ఐదో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఊడ్చే పనైనా దొరక్కపోతుందా అని, పక్కింటి వాళ్ల చేత దరఖాస్తు రాయించుకుని వచ్చింది. యజమాని అందులో మొదటి వరస చదివి, రెండోది చదవకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రేపటి నుంచే వచ్చెయ్యండమ్మా," అన్నాడు.

ఫ్యాక్టరీలో అందరికీ గ్లౌజులు తప్పనిసరి. ఆవిడకు మాత్రం నిషేధం. ఓ రోజు సూపర్‌వైజరు తెలియక ఓ జత ఇస్తే, యజమాని మెట్లు దూకి వచ్చి మరీ ఊడబెరుక్కున్నాడు.

ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే జనం ఊరుకుంటారా? తలో మాటా అన్నారు. యజమానికి దూరపు చుట్టమన్నారు. కాదు, పాత ప్రియురాలన్నాడు కెమిస్టు. జీతం ఇద్దరికీ సమానం కావడం ఆయనకు మింగుడు పడలేదు. చివరికి ప్యాకింగ్ ఆడవాళ్లు తేల్చిందేమిటంటే, పెద్దమ్మది మంచి హస్తవాసి. ఆవిడ చేరిన నెలలోనే కొత్త రేపర్లు వచ్చాయి, సరుకు చేసింది చేసినట్టు అమ్ముడుపోతోంది. హస్తవాసి కాక మరేమిటి?

ఈ మాట చెవిన పడ్డ రోజు పెద్దమ్మ బస్సులో దారి పొడుగునా తన చేతులే చూసుకుంది. దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయింది.

కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు, నీ చెయ్యి పడితే పాలైనా విరుగుతాయి అంది. ఆ మాటతోనే ముప్ఫై అయిదేళ్లు సంసారం చేసింది. పోగొడుతుందేమోనని మొగుడు ఇంటి తాళంచెవి కూడా ఏనాడూ ఆవిడ చేతికివ్వలేదు. అలాంటి చేతికి ఇప్పుడు నెలనెలా జీతం.

ఇక చేతిని ఆవిడ చంటిబిడ్డలా చూసుకుంది. పొయ్యి దగ్గరికి పోవడం మానేసింది. గిన్నెలు తోమడం కోడలికి అప్పగించింది. ముందు మూతి ముడుచుకున్న కోడలే, డ్రైవింగ్ పరీక్షకి వెళ్తూ, "అత్తయ్యా, ఈ కాగితాలు ఓసారి ముట్టుకోండి," అంది. పాసైంది. మర్నాటికల్లా ఎదురింటాయన స్టార్టు కాని స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. పెద్దమ్మ ముట్టుకుంది. స్టార్టు కాలేదు. సబ్బులకే పనిచేస్తుంది కాబోలు అని ఆయనే సర్దిచెప్పుకుని, మళ్లీ తోసుకుంటూ వెళ్లాడు.

ఓసారి ఆవిడకు జ్వరం వచ్చింది. ఫ్యాక్టరీ ఆగిపోయింది. రెండో రోజు మధ్యాహ్నానికి వాకిట్లో వ్యాను వచ్చి నిలిచింది. మంచం చుట్టూ ట్రేలు పేర్చారు. యజమాని ఒక్కో ట్రే తనే స్వయంగా ఎత్తి అందించాడు. పెద్దమ్మ దుప్పట్లోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి, మూలుగుతూ పన్నెండు వందల సబ్బుల్ని ముట్టుకుంది.

అలా ఏడాది గడిచిందో లేదో, ఎవరో ఫిర్యాదు పెట్టారు. తనిఖీ అధికారి ల్యాబ్ రిపోర్టు పట్టుకుని దిగాడు.

గోదామంతా గాలించాడు. కాస్టిక్ సోడా బస్తాలు, నురుగు పొడి, రంగు పొడి, ప్లాస్టిక్ డబ్బాల్లో వాసన. అంతటి గోదాములో చెట్టు నుంచి వచ్చిన వస్తువంటూ ఉందంటే అది చీపురొక్కటే.

ఆయన అందరినీ ప్యాకింగ్ హాల్లోకి పిలిచి, కెమిస్టు చేతికి రేపరిచ్చి పైకి చదవమన్నాడు.

"ప్రతి సబ్బుకీ నూటికి నూరు పాళ్లూ సహజమైన పారిజాతం స్పర్శ," అని చదివాడు కెమిస్టు.

"ఒక్క పువ్వు చూపించండి. పోనీ, ఒక్క రేకు. లేదంటే సాయంత్రానికి సీలు వేసి వెళ్తాను," అన్నాడు అధికారి.

నలభై మంది పనివాళ్లూ యజమాని వైపు తిరిగారు. యజమానికి మాత్రం నుదుటి మీద చెమటైనా లేదు. రేపరు మీద అబద్ధం అక్షరం ముక్క లేదనీ, నమ్మకపోతే ఆ చివరి బల్ల దగ్గరున్న పెద్దావిడ వాంగ్మూలం తీసుకోమనీ అన్నాడు. అధికారికి ఒళ్లు మండింది. అయినా రూలు రూలే. ఫారం తీసి, స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

ఇన్నాళ్లకి తన చేతికి పరీక్ష వచ్చిందనుకుంది పెద్దమ్మ. ఈయన ఏం ముట్టుకోమంటాడో. ఆగిపోయిన గడియారమే తీసి ముందు పెడతాడో, నొప్పి పెట్టే మోకాలే చూపిస్తాడో. స్కూటరు గుర్తొచ్చింది. నలభై ఇళ్ల పొయ్యిలు ఈ చేతి మీదే వెలగాలి. కుడిచెయ్యి గుడ్డతో శుభ్రంగా తుడుచుకుంది.

అధికారి ఫారంలో మొదటి గడి మీద పెన్ను ఆనించాడు.

"పేరు?"

ఆ చేతిని ఆయన ముందుకు చాపి పెద్దమ్మ చెప్పింది, "పారిజాతమండీ."