సాగర్ పడే తీరు

మా మనవడు సాగర్ సినిమాల్లో కింద పడి నవ్విస్తాడు. నిన్న టీవీలో గ్లాసుల ట్రేతో మెట్ల మీదనుంచి దొర్లినాడు. ఒక్క గ్లాసూ పగల్లేదు. మా తర్లుపాడు వీధంతా ఒకటే నవ్వు. నేను మాత్రం వాని నడుమునే చూస్తా ఉన్నాను.

ఫోన్ చేసినాను. "నడుము ఎట్లుంది రా?"

"బాగుందవ్వా. నువ్వు నేర్పిన విద్యే గదా! ఇట్ల పడేటోడు ఇంకొకడు లేడంటున్నారు."

నేర్పింది నేనే. పలకల గనిలో ఇద్దరం రాతిపలకలు మోసేటోళ్లం. వానికప్పుడు పదేళ్లు. "కాలు జారితే నువ్వు పడు, పలకను మాత్రం పైకెత్తి పట్టుకో" అని తిట్టి తిట్టి నేర్పినాను. పగిలితే మేస్త్రి ఇద్దర్నీ పని మానిపిస్తాడని నా భయం.

"ఇంకనన్నా చేతులు నేలకు ఆనించి పడు నాయనా" అన్నాను.

"నేర్చుకుందామని చూసినానవ్వా" అన్నాడు. "రాలేదు."